మురికి కనపడని ఫిల్టర్

ఇంటి వెనక షెడ్డు నుంచి

పిచ్చుకా,

ఫోన్ చేస్తే నువ్వు చెప్పేది నాకు వినపడదు. నేను మాట్లాడితే నీ కొట్లో నిలబడ్డ గిరాకీ బెదిరి బయటికి పోతుంది. ముప్ఫై ఏళ్లు రంపం మిషన్ పక్కన బతికిన చెవులు ఇంతకంటే బాగుంటాయని ఆశపడకూడదు. ఇక ఆ మెసేజీలంటావా, నా వేలు ఒక అక్షరం మీద ఆనితే మూడు పడతాయి. అందుకని ఉత్తరం రాస్తున్నాను. నువ్వూ ఉత్తరమే రాయి.

పని ఇది. మా షెడ్డులో దుమ్ము లాగే మిషన్ ఉంది కదా, రంపపు పొట్టును గొట్టంలోంచి పీల్చి కింద సంచిలోకి వదిలేది. దాని నెత్తిన డ్రమ్ములాగా ముడతల ఫిల్టర్ ఒకటి ఉంటుంది. పొట్టు సంచిలో పడుతుంది, సన్న దుమ్ము ఆ ముడతల్లో ఆగుతుంది, మంచి గాలి గదిలోకి వస్తుంది. ఆ ఫిల్టర్ మార్చాలి. ఇక్కడి కొట్టతను మూడు రకాలు చూపించాడు. మూడూ బ్రహ్మాండం అన్నాడు. మూడూ బ్రహ్మాండమైతే మూడెందుకు పెట్టావయ్యా అని అడిగితే మూడింటికీ ధరలు చెప్పాడు. నువ్వు రోజూ మిషన్ సామాన్లు అమ్ముకునేవాడివి, నీకు తెలియాలి. నాకు గట్టిది కావాలి. మళ్లీ చెబుతున్నాను, గట్టిది.

మీ అక్క బాగానే ఉంది.

బావ

*

కొట్టు, కౌంటర్ వెనక స్టూలు మీద నుంచి

బావా,

నువ్వు ఉత్తరం రాశావంటేనే ఏదో ఉపద్రవం అనుకున్నాను. విప్పి చూస్తే ఫిల్టర్. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది. అయినా సరే, ఎలుకే నయం.

"గట్టిది" అనేది కొలత కాదు. పొడవెంత, బయటి అడ్డమెంత, లోపలి రంధ్రమెంత, పైమూత మూసి ఉందా తెరిచి ఉందా, అడుగున రబ్బరు రింగు ఉందా, బిగించేది బోల్టుతోనా పట్టీతోనా, ఇవన్నీ అంకెల్లో రాయి. రబ్బరు రింగును కలిపి కొలవకు. అందరూ చేసే తప్పు అదే, తర్వాత సరుకు పట్టలేదని నా మీద పడతారు.

ఇంకొక ప్రశ్న. ఆ మిషన్ కొన్ననాటి నుంచీ అదే ఫిల్టర్. ఇన్నేళ్లూ పట్టనిది ఇప్పుడెందుకు పట్టింది?

అక్కను రెండు ముక్కలు రాయమను. ఆవిడ తిట్టు ఒక్కటైనా లేకపోతే మీ ఇంటి ఉత్తరం చప్పగా ఉంటుంది.

పిచ్చుక (ఇప్పుడు నన్ను చూసి ఎవరూ ఆ మాట అనరు, నువ్వు తప్ప)

*

షెడ్డు నుంచి

పిచ్చుకా,

అంకెలు రాయను. నేను రాసింది ఒకటైతే నువ్వు చదివేది ఇంకొకటవుతుంది. ఈ ఉత్తరంతో పాటు ఒక పుల్ల పంపుతున్నాను. దాని మీద చాకుతో గీతలు పెట్టాను. మొదటి గీత లోపలి రంధ్రం, రెండోది బయటి అడ్డం, చివరిది పొడవు. నేను చేసిన ప్రతి కుర్చీ, ప్రతి బీరువా ఇలా పుల్ల మీద కొలిచి చేసిందే, ఒక్క తలుపు కూడా ఇప్పటిదాకా ఒరుసుకోలేదు. రబ్బరు రింగును కలపలేదు. నేనేం పసివాణ్ణి కాదు.

ఇప్పుడు నాకు కావలసినవి విను. ఒకటి, తెల్లగా ఉండకూడదు. బూడిద రంగైనా, నలుపైనా సరే, మురికి పట్టిందో లేదో కంటికి తెలియకూడదు. రెండు, చేత్తో ఊడిరాకూడదు, పానా ఉంటే తప్ప కదలకూడదు. మూడు, ఒకవేళ ఎలాగో ఊడివస్తే, దెబ్బ తగిలినా నీళ్లు తగిలినా తట్టుకోవాలి.

ఎందుకు మారుస్తున్నావని అడిగావు. పాతబడింది కాబట్టి మారుస్తున్నాను. అన్నిటికీ కారణాలు అడిగితే ఎలా?

అక్కకు తీరిక లేదు. బాగానే ఉంది.

బావ

*

కొట్టు నుంచి

బావా,

పుల్ల అందింది. పోస్ట్‌మ్యాన్ దాన్ని నా చేతికిచ్చి, ఎవరైనా మిమ్మల్ని కొట్టమని పంపారా అని అడిగాడు. అవునన్నాను.

నీ షరతులు రెండుసార్లు చదివాను. నాకు తలప్రాణం తోకకొచ్చింది. మురికి కనపడకూడదంటావేం? ఎప్పుడు మార్చాలో తెలియాలంటే కనపడాలి కదా. పానాతో తప్ప ఊడకూడదంటావు, అదే నోటితో ఊడివస్తే తట్టుకోవాలంటావు. నువ్వు కొంటున్నది ఫిల్టరా, దొంగలు పడకుండా తలుపా?

నీ కొట్టతను చూపించిన మూడు రకాలూ ఇవి. ఒకటి మామూలు కాగితం, చవక, సన్న దుమ్మును వదిలేస్తుంది. రెండోది కాగితం మీద సన్నటి పూత వేసింది. తెల్లగా ఉంటుంది, కంటికి కనపడని దుమ్మును కూడా పైపైనే ఆపేస్తుంది, కాస్త తడితే రాలిపోతుంది. అన్నిటికంటే మంచిది అదే, కానీ మొరటు చెయ్యి పడితే పూత లేచిపోతుంది. మూడోది పాలిస్టర్ గుడ్డ, దెబ్బలకూ నీళ్లకూ ఓర్చుకుంటుంది, పూత ఉన్నదానంత సన్నగా మాత్రం పట్టదు. ముడతలు ఎంత ఎక్కువుంటే అంత మంచిదని నీ కొట్టతను చెప్పి ఉంటాడు. నమ్మకు. ముడతలు మరీ ఇరుకైతే సందుల్లో దుమ్ము ఇరుక్కుని రాలదు.

ఇంతకీ దానికి నీళ్లెందుకు తగులుతాయి? దెబ్బలెందుకు తగులుతాయి? బావా, నువ్వు ఆ కాగితం ఫిల్టర్‌ను ఉతుకుతున్నావా?

ఒక పని చెయ్యి. షెడ్డు తలుపులూ కిటికీలూ మూసి, పాత ఫిల్టర్ లోపల వెలిగే బల్బు పెట్టి బయటి నుంచి చూడు. ఏం కనపడిందో రాయి. పుల్ల మీద కాదు, కాగితం మీద.

పిచ్చుక

*

షెడ్డు నుంచి

పిచ్చుకా,

బల్బు పెట్టాను. ముడత ముడతకూ చుక్కలు కనపడ్డాయి. అడుగున ఒకచోట బొటనవేలు పట్టేంత చీలిక ఉంది.

అవును, ఉతికాను. వారం వారం విప్పి, పెరట్లో గోడకు ఆనించి చీపురు కట్ట తిరగేసి బాదాను. ఆ తర్వాత బకెట్లో ముంచి, ఎండలో ఆరబెట్టి, మళ్లీ బిగించాను. బాదాక కొత్తదానికంటే బాగా గాలి లాగేది. ఎంత బాగా చూసుకుంటున్నామో అని మురిసిపోయాం కూడా.

తిట్టదలుచుకుంటే ఒకేసారి తిట్టు. కానీ రంగు సంగతి మరిచిపోకు.

బావ

*

కొట్టు నుంచి

బావా,

ఒకేసారి తిట్టమన్నావు కాబట్టి వరసగా చదువుకో.

కొత్తదానికంటే బాగా లాగుతోందంటే చిల్లులు పడ్డాయని అర్థం. చిల్లుల జల్లెడకు అడ్డేముంటుంది? సంచిలో పొట్టు చూసి దుమ్మంతా పట్టేస్తోందని నువ్వు మురిసిపోతుంటే, ఊపిరికి పనికిరాని ఆ సన్న దుమ్మంతా తిరిగి గదిలోకే వచ్చింది. మిషన్ లేకపోతే దుమ్ము కాసేపటికి నేల మీదైనా కూర్చునేది, నువ్వు దాన్ని ఫ్యాను పెట్టి లేపావు. పెరట్లో బాదినప్పుడు వారం దుమ్మంతా ముఖం మీదే పడి ఉంటుంది. ముక్కుకు గుడ్డ కట్టుకున్నావా? కట్టుకుని ఉండవు.

అయినా నువ్వు ఉతకడమేమిటి? పెళ్లైనప్పటి నుంచీ నీ చొక్కా నువ్వు పిండుకోగా చూసిన పాపాన పోలేదు. ఉతుకుడు మొదలుపెట్టడానికి నీకు కాగితమే దొరికిందా?

నీ షరతులు చెత్తబుట్టలో వేశాను. పూత ఉన్నది, అన్నిటికంటే మంచిది, తెల్లది పంపుతున్నాను. డబ్బు మాటెత్తితే అక్కతో చెబుతాను. బిగించు, ముట్టుకోకు. ఒకసారి నా మాట విన్నందువల్ల నీ చెవులు అరిగిపోవు, అరగడానికి అవి మిగిలితేగా.

పిచ్చుక

*

షెడ్డు నుంచి

పిచ్చుకా,

తెల్లదాన్ని తిప్పి పంపుతున్నాను. డబ్బా విప్పలేదు, ఎవరి కంటా పడనివ్వలేదు. తెల్లది వద్దని చెప్పాను, తెలుగులోనే చెప్పాను. నీకు చేతకాకపోతే చెప్పు, ఇంకెవరినైనా అడుగుతాను.

కోపంతో రాయడం లేదు. తొందరలో ఉన్నాను. షెడ్డు మూతపడి చాలా రోజులైంది.

బావ

*

కొట్టు నుంచి

బావా,

నీ డబ్బా తిరిగొచ్చిన పూట నాకు ఒళ్లు మండిపోయింది. ఇక ఈ జన్మలో నీకు మేకు కూడా అమ్మకూడదనుకున్నాను. నీ పుల్లను విరిచి పారేద్దామని తీశాను. తీసి తిప్పాను.

అటువైపు కూడా గీతలున్నాయి. ఇన్నాళ్లూ నేను ఒక వైపే చూశాను. ఇది వేరే కొలతల పుల్ల, ఖాళీగా ఉన్న వైపు చూసి ఫిల్టర్‌కు వాడావు, అంతే కదా? నీ పెన్సిల్ రాతలో "నడుము", "భుజం", "తల" అని మూడు గుర్తులున్నాయి. పక్కన ఒక వాలు గీత, "ఇంకా నిటారుగా" అని రాసి ఉంది. మంచం మీద వీపుకు ఆనుకునే వాలు పలక అది. వెల్లకిలా పడుకోలేని మనిషికి చేస్తారు.

నా వీపుకు పుల్ల ఆనించి చూశాను. మా చిన్నమ్మాయిని నిలబెట్టి చూశాను. నువ్వు ఆరడుగుల మనిషివి, ఆ భుజం నీది కాదు. అక్కదే.

ప్రతి ఉత్తరంలోనూ బాగానే ఉంది, బాగానే ఉంది అని రాశావు. బాగానే ఉన్న మనిషి గురించి ఎవరూ అన్నిసార్లు రాయరు. ఫోన్ చేస్తే అక్క రెండు మాటలు మాట్లాడి పని ఉందని పెట్టేస్తోంది. మూడో మాటకు ఊపిరి చాలడం లేదని ఇప్పుడు తోస్తోంది.

ఫిల్టర్ సంగతి తర్వాత. మా అక్కకేమైంది?

*

పెరటి మెట్ల మీద నుంచి

పిచ్చుకా,

నిన్ను కంగారుపెట్టొద్దని మీ అక్క ఒట్టు వేయించుకుంది. పుల్ల చెప్పేసింది కాబట్టి నా ఒట్టు నిలిచినట్టే అనుకుంటున్నాను.

చలికాలం ముందు నుంచి దగ్గు. జలుబనుకున్నాం. తర్వాత మెట్లెక్కితే ఆయాసం, ఆ తర్వాత పడుకుంటే ఆయాసం. దిండ్లు ఒకదాని మీద ఒకటి పేర్చుకుని కూర్చునే నిద్రపోయేది. ఛాతీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఊపిరితిత్తుల్లో సన్నటి కొయ్య దుమ్ము పట్టి వాచాయన్నాడు. దుమ్ము ఆగితే ఇంతకంటే ముదరదు, కొంతవరకు కోలుకుంటుంది, ఆగకపోతే ఇక మందుల చేతిలో ఉండదు అన్నాడు. ఆ రోజే షెడ్డుకు తాళం వేశాను, నీకు ఉత్తరం రాయడానికీ, ఆ బల్బు పెట్టడానికీ తప్ప తియ్యలేదు. ఆ వాలు పలక కూడా పెరట్లో చేతిరంపంతో కోసి చేశాను.

ఇక నీకు చెప్పనిది. ఆ ఫిల్టర్‌ను ఉతికింది నేను కాదు.

మీ అక్క సంగతి నీకు తెలుసు. ఇంట్లో మురికిగా ఉన్నది ఏదైనా ఆవిడ కంటపడితే దానికి స్నానం తప్పదు. షెడ్డులో నేను కుర్చీలు చేసేవాణ్ణి, ఆవిడ వారం వారం ఆ ఫిల్టర్ విప్పి బాది, ఉతికి, ఆరేసేది. నీ పని ఎంతో నా పనీ అంతే అనేది. వచ్చిన ప్రతివాడికీ చూపించేది, ఎన్నేళ్లైనా కొత్తదానిలా ఉంచాను చూడండి అని. నేను పక్కన నిలబడి అవునవును అనేవాణ్ణి. ఆవిడను ఎక్స్‌రే గదికి తీసుకెళ్లినప్పుడు డాక్టర్ నన్ను కూర్చోబెట్టి, నాకొక్కడికే రహస్యంగా చెప్పాడు. గదిలో లేచిన దుమ్ము ఇద్దరికీ సమానమే, కానీ అది బాదిన మనిషికి వారం దుమ్ము ఒక్కసారిగా లోపలికి పోతుందట. ఆవిడకు చెప్పకండి అని డాక్టర్‌ను బతిమాలుకున్నాను. ఇంటికొచ్చాక, ఫిల్టర్ నా నిర్లక్ష్యం వల్ల పాడైంది, వేళకు మార్చలేదు, తప్పంతా నాదే అని చెప్పాను. అప్పటి నుంచి రోజూ తిడుతోంది. తిట్టనీ. నన్ను తిడుతూ ఉంటే ఆవిడ ముఖంలో కళ ఉంటుంది. తన చేతులతోనే తెచ్చుకున్నానని తనను తాను తిట్టుకోవడం మొదలుపెడితే నేను చూడలేను.

ఇప్పుడు అర్థమైందా తెల్లది ఎందుకు వద్దన్నానో? తెల్లదాని మీద దుమ్ము కనపడుతుంది. కనపడితే చెయ్యి ఆగదు. వద్దంటే ఎందుకని అడుగుతుంది. ఎందుకో చెప్పాల్సి వస్తే ఇన్నాళ్ల నా అబద్ధం దండగ. అసలు షెడ్డు మూసే ఉంచుదామంటే, నావల్ల నీ పని ఆగిపోయిందని బాధపడుతోంది. మింగలేను, కక్కలేను. మురికి కనపడని, చేత్తో ఊడని, బాదినా చావని ఫిల్టర్ లోకంలో ఉందో లేదో చెప్పు.

ఇది అక్కకు తెలియకూడదు. నీ మీద నమ్మకంతో రాస్తున్నాను.

బావ

*

కొట్టు నుంచి

బావా,

ఉత్తరం అందిన రోజు కొట్టు తెరవలేదు.

నిన్ను అన్న మాటలన్నీ వెనక్కి తీసుకోవాలని ఉంది. కానీ చీలిపోయేదాకా దాని పక్కన నిలబడి అవునవును అన్నావు చూడు, ఆ ఒక్కదానికి మాత్రం తీసుకోను. మిగిలినవి తీసుకున్నాను. నాకు ముందే చెప్పి ఉంటే తెల్లడబ్బా అటూ ఇటూ తిరిగేది కాదు కదా, మహానుభావా.

నీ మూడు షరతులూ పట్టుకుని నాకు సరుకు పంపేవాళ్లందరినీ విసిగించాను. మొదట అందరూ నవ్వారు. చివరికి దొరికింది. గుడ్డ ఫిల్టర్, దాని మీద సన్నటి పూత, గుడ్డ కాబట్టి పూతకు పట్టు ఎక్కువ. బూడిద రంగు. నాలుగు బోల్టులు. అన్నిటికంటే ముఖ్యమైనది, దానికి పైన ఒక పిడి ఉంది. పిడి తిప్పితే లోపల రెక్కలు ముడతలను లోపలి నుంచి తడతాయి, దుమ్ము రాలి కింద సంచిలో పడుతుంది. విప్పక్కర్లేదు, బయటికి రవ్వంత కూడా రాదు. మిషన్ ఆపాక తిప్పాలి.

అక్కకు ఏ పనీ లేకుండా చేయాలని చూశావు. అది ఆవిడ వల్ల కాదు, నీ వల్లా కాదు. పిడి ఆవిడకు అప్పగించు. సంచి మాత్రం నువ్వే మార్చు, ముక్కుకు మాస్కు పెట్టుకుని, పెరట్లో, ఆవిడ ఇంట్లో ఉన్నప్పుడు. డాక్టర్‌ను అడిగాకే తాళం తియ్యి. మిషన్ ఆడుతున్నంతసేపూ ఆవిడ షెడ్డులోకి రాకూడదు, నువ్వు వెనక నుంచి వచ్చినా నాకు వినపడదు, రంపం దగ్గర ప్రమాదం అని నీ చెవుల మీదికి నెట్టి ఏదో ఒక అబద్ధం చెప్పు. నీకు అలవాటైంది కదా.

ఆదివారం వస్తున్నాను. ఊరికే, చూడాలనిపించి. అక్కకు అలాగే చెప్పు.

పిచ్చుక

*

వంటింటి బల్ల మీద నుంచి

ఒరే తమ్ముడూ,

నువ్వు వచ్చి వెళ్లి నెల దాటింది. ఉన్న రెండు రోజులూ నన్ను గాజుబొమ్మను చూసినట్టు చూసి, ఒక్క ముక్క అడగకుండా వెళ్లావు. నటన నీకు చిన్నప్పటి నుంచీ రాదు.

మీ బావ చెవి సంగతి నీకు కొత్తగా చెప్పాలా? ఆయనకు వినపడాలంటే ఎవరైనా అరవాలి. ఆ డాక్టర్ పాపం మంచివాడు, రహస్యం అని తలుపు వేసి మరీ అరిచాడు. ఎక్స్‌రే గది ముందు బెంచీ మీద నేనూ, మరో ఆరుగురూ కూర్చుని ఉన్నాం. "ఆ ఫిల్టర్ బాదడం మీ ఆవిడ చేత మాన్పించండి" అని అందరం విన్నాం. "ఆవిడకు చెప్పకండి, ప్రాణం తీసుకుంటుంది" అని మీ బావ గుసగుసలాడితే వీధి చివరి దాకా వినపడింది. నా పక్కన కూర్చున్నావిడ నా చెయ్యి పట్టుకుంది.

అక్కడే ఏడ్చాను. ఇల్లు శుభ్రంగా ఉండాలని పడిన పాటంతా నా ఛాతీలోకి వెళ్లిందంటే ఏడుపు రాదా? ఇంటికొచ్చేసరికి ఆయన తప్పంతా నాదే అని మొదలుపెట్టారు. ఏనాడూ కాఫీ గ్లాసు కూడా కడగని మనిషి, ఫిల్టర్ నిర్లక్ష్యం చేశానని ఎంత ముచ్చటగా ఒప్పుకున్నారని. నాకు తెలుసని చెబుదామని నోరు తెరిచాను. ఆయన ముఖం చూసి, తెరిచిన నోటితో తిట్టేశాను. అప్పటి నుంచి రోజూ తిడుతున్నాను. తిట్లు తింటే ఆయన బుద్ధిగా భోజనం చేస్తారు, లేకపోతే నా ఆయాసం లెక్కపెడుతూ కూర్చుంటారు. కాబట్టి నాకు తెలుసని ఆయనకు చెప్పకు. ఆయన నీకు చెప్పారని నాకు తెలుసన్న సంగతి కూడా చెప్పకు. నువ్వు మధ్యలో నలిగిపోతావని తెలుసు. తమ్ముడివైనందుకు ఆ మాత్రం నలుగు.

ఇప్పుడు నిజంగానే బాగున్నాను. వాలు పలకను ఒక మెట్టు దించారు. మిషన్ ఆగాక, గదిలో గాలి తేటపడ్డాక, ముక్కుకు గుడ్డ కట్టుకుని వెళ్లి పిడి తిప్పి వస్తున్నాను. లోపల దుమ్ము జలజలా రాలే చప్పుడు నాకొక్కదానికే వినపడుతుంది, ఆయన తల ఊపుతారంతే.

ఒక్కటి అడుగుతాను. ఇది అరిగిపోయి మళ్లీ మార్చే రోజు వస్తుంది కదా. అప్పుడు ఆయన ఎంత వద్దన్నా సరే, తెల్లది పంపు. విప్పనురా, ఒట్టు. వేలితో కూడా తాకను. దూరం నుంచి చూస్తాను, అంతే. అది నల్లబడుతూ ఉంటే, అంత దుమ్మూ నా లోపలికి రాకుండా దాని మీద ఆగిందని ఒకసారి కళ్లారా చూసుకోవాలని ఉంది.

అక్క